కర్రబుర్ర

మూత తీయగానే పొగ వాసన వచ్చింది. కట్టెల పొగ, దాని అడుగున ఎండిన సామల మట్టివాసన. మా తమ్ముడి కోడలు పాత చీరలో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చిన పెట్టె అది. వంటింటి బల్ల మీద దించి, చీర విప్పి, "అత్తా, కొత్తింట్లో పొయ్యి లేదు. గేసు పెట్టించీసినారు. దీన్నెక్కడ పెట్టాలో తెలీక నీకాడికి తెచ్చీసినాను. ఇత్తనం లోపలే ఉంది, పండక్కి నానొచ్చి పట్టుకెల్తాను" అంది. టీ తాగి, తిరుగు ఆటోకి ఆలస్యమవుతోందని వెళ్లిపోయింది.

ఆ అమ్మాయి వెళ్లాక చాలాసేపు దాని ముందు కూర్చున్నాను. చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకోదగ్గ పెట్టె. ఒకప్పుడు లేత గోధుమరంగులో ఉండేది. ఇప్పుడు పొయ్యి మసి పట్టి, నూనె రాసినట్టు నల్లగా మెరుస్తోంది. మూతని అంచు మీద ఆనించి వదిలేశాను. అది దబ్బున పడలేదు. లోపలి గాలిని కొంచెం కొంచెంగా బయటికి తోస్తూ, నిదానంగా, ఎవరో నిట్టూర్చినంత మెత్తటి చప్పుడుతో దానంతట అదే దిగి కూర్చుంది. ఆ చప్పుడు వినగానే సన్యాసయ్య బాబాయి నా పక్కన చెవి వంచి నిలబడ్డట్టే అనిపించింది. "ఎక్కడ పెట్టాలో తెలీక" అని ఆ అమ్మాయి మామూలుగా అన్న మాట వెనక ఎంత కథ ఉందో ఆమెకి తెలియదు. ఆమె ఆయన్ని చూడలేదు. ఇది చదివేవాళ్లూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

నేను అరకులో ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి సైన్సు టీచరుగా వచ్చిన కొత్తలో సంత వీధిలో ఒక ఇంటి వెనక భాగం అద్దెకి తీసుకున్నాను. మా ఊరు అక్కడికి దగ్గరే, లోయకి అవతలి కొండ మీద. కాని రోజూ దిగి ఎక్కే దారి కాదు. ముందు భాగంలో కిరాణా కొట్టు ఉండేది. ఉప్పు, బెల్లం, ఎండుచేపలు, సబ్బులు, చీపుళ్లు. కొట్టు సన్యాసయ్య గారిది. చోడవరం వైపు నుంచి కొండ మీదికి వచ్చి స్థిరపడ్డ కుటుంబం. కొట్టు ఆయనదని బోర్డు మీద ఉండేది గాని, తక్కెడ ముందు ఎప్పుడూ ఆయన భార్య రమణమ్మ గారే కూర్చునేవారు. ఆయన కొట్టుకీ నా గదికీ మధ్యనున్న రేకుల పాకలో ఉండేవాడు. చేరిన మొదటి వారమే నా డైరీలో రాసుకున్నాను: "వెనక పాకలో సాయంత్రం దాకా రంపం చప్పుడు. కొట్టు యజమాని వడ్రంగి కాడు. అయినా చెక్క కోస్తున్నాడు. ఎందుకో కనుక్కోవాలి."

కనుక్కోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక సాయంత్రం బడి నుంచి వస్తుంటే పాకలోంచి పిలిచాడు.

"పంతులమ్మా, ఒకపాలి ఇలా రా. ఇక్కడ సెవి పెట్టు."

ఆయన చేతిలో చిన్న పెట్టె ఉంది. మూత ఆనించి వదిలాడు. సగం దాకా దిగి ఆగిపోయింది.

"ఇనిపించిందా?"

"ఏం వినిపించలేదండీ."

"అదే మరి. ఇనిపించాల," అని పెట్టెని కోపంగా కాక, మొండికేసిన పిల్లాణ్ణి చూసినట్టు చూశాడు.

కుర్రతనంలో ఆయన ఎవరో రైల్వే ఇంజనీరు సామాను రైలు నుంచి దింపడానికి వెళ్లాడట. అందులో ఏదో కొలత పరికరం దాచే చెక్కపెట్టె ఉందట. దాని మూత వదిలేస్తే తనంతట తానే నెమ్మదిగా దిగి మూసుకుందట. అది ఎలా దిగిందో అప్పుడు అడగలేకపోయాడు. ఇంజనీరు వెళ్లిపోయాడు. ప్రశ్న మాత్రం ఈయనతో ఉండిపోయింది. ఒక పెద్ద గాలివానకి కాఫీ తోటల్లోని సిల్వర్ ఓక్ చెట్లు వరసగా కూలినప్పుడు చెక్క చవగ్గా దొరికింది. రంపం కొన్నాడు, ఉలి కొన్నాడు, చిత్రిక పట్టడం కిందా మీదా పడి నేర్చుకున్నాడు. నేను వచ్చేసరికి వాళ్ల ఇంట్లో మంచం కింద, అటక మీద, కొట్టులో సబ్బుల వెనక, అన్నిచోట్లా పెట్టెలే.

"ఈటిల్లో ఏటెడతావయ్యా?" అనేవారు రమణమ్మ గారు తక్కెడ దగ్గర్నించే. "ఉప్పెట్టవు, పప్పెట్టవు. గాలెట్టి మూతేత్తావు. గాలమ్ముకుని బతుకుదామా?"

"గాలి ఊరికే పోకుండా ఎలా పోతాదో సూత్తన్నానే."

"సూడు సూడు. ఆ ఎండుసేపలు కూడా నీకేసే సూత్తన్నాయి, ఎప్పుడు తూత్తాడా అని."

ఆయనకి అర్థం కానిది ఒకటుండేది. మాఘమాసంలో చక్కగా దిగిన మూత శ్రావణం వచ్చేసరికి బిగుసుకుపోయి ఊడి వచ్చేది కాదు. శ్రావణంలో సరిపోయేలా చిత్రిక పడితే మాఘంలో గలగలలాడేది. తడికి చెక్క ఉబ్బుతుందని ఆయనకి తెలుసు. అయితే పొడుగునా ఉబ్బుతుందా, అడ్డంగానా అన్నది తెలియక రెండువైపులా సమానంగా వదిలేవాడు. చెట్టు కాండంలోని పోగుల బొమ్మ గీసి, తడి తాగితే పోగులు లావెక్కుతాయి గాని పొడుగు పెరగవని చెప్పాను. బొమ్మ చూసి, వెంటనే ఒక పలకని కొలిచి నీళ్ల తొట్టిలో వేశాడు. మర్నాడు నేను పళ్లు తోముకుంటుండగానే వచ్చి నిలబడ్డాడు.

"పంతులమ్మా! పొడుగు అలాగే ఉంది. ఎడల్పు పెరిగింది. నువ్వు సెప్పింది నిజివే!"

నా పాఠం విని అంత సంతోషపడ్డ మనిషి అప్పటిదాకా మరొకరు లేరు. ఆ రోజు నుంచి ఆయన నాకు బాబాయి అయ్యాడు. నేను రోజూ డైరీ రాస్తానని తెలిసి, "వానో మంచో ఎలాగూ రాత్తావు గదా, పక్కన మూత సంగతి కూడా రాసీ" అన్నాడు. అందుకే ఆ ఏళ్ల నా డైరీలు తెరిస్తే, "మంచు. మూత బిగువు." "ఎండ. మూత దిగింది." "వాన. మూత రాలేదు, బాబాయి అన్నం తినలేదు" అనే వాక్యాలు కనిపిస్తాయి.

ఒక సంత రోజు మా అమ్మ కొండ దిగి నా దగ్గరికి వచ్చింది. వానలు మొదలైన రోజులు. ఉప్పు కొనుక్కుని, నన్ను వెతుక్కుంటూ పాక పక్కగా వచ్చి అక్కడే ఆగిపోయింది. బాబాయి పెట్టెలన్నీ బయట వరసగా పెట్టి తుడుస్తున్నాడు. అమ్మ తల మీది గంప దించకుండా నిలబడి గొంతు తగ్గించి అడిగింది.

"సావుకారూ, ఏ ఊర్లో ఏ రోగం వచ్చింది?"

"రోగవేటి అప్పా?" అన్నాడు బాబాయి, అక్కని పిలిచినట్టు.

"ఇన్ని పెట్టిలు సేసినావు. అన్నీ సిన్నవే. అందరూ సంటిపిల్లలేనా?"

ఒక క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక రమణమ్మ గారు కొట్టులోంచి "ఓలమ్మ ఓలమ్మ" అంటూ చెవులు మూసుకున్నారు. మా ఊళ్లో సగం మంది చర్చికి వెళ్లేవాళ్లు, సగం మంది ఊరి దేవతకి మొక్కేవాళ్లు. ఎవరింట్లోనూ చెక్కతో చేసిన పెట్టె ఉండేది కాదు. బట్టలకి ఇనప ట్రంకు, గింజలకి గాదె, విత్తనానికి సొరకాయ బుర్ర. ఊళ్లోకి చెక్కపెట్టె వచ్చిందంటే ఎవరో చనిపోయారనే. "పెట్టె వచ్చింది" అన్న మాట మా వైపు చావుకబురు.

బాబాయికి నవ్వాలో బాధపడాలో తెలియలేదు. మూత తీసి చూపించి, వదిలి, దిగే చప్పుడు వినిపించాడు. అమ్మ వింది. ఆమెకీ ముచ్చటగానే ఉన్నట్టుంది, ఇంకోసారి వదలమంది. అప్పుడు తన సంగతి చెప్పింది. ఆ ఏడు ఎలక విత్తనాల బుర్రకి కన్నం పెట్టింది. పోయినవి పోగా మిగిలినవి విత్తుకుంది. ఆ విత్తనం మామూలు సామ కాదు. పొట్టు నల్లగా ఉంటుంది కాబట్టి కాకిసామ అనేవాళ్లం. మా అమ్మమ్మ పుట్టింటి నుంచి కొంగున కట్టుకుని తెచ్చుకున్నది. గాలికి పడిపోదు, ఆలస్యంగా పండినా కడుపు నింపుతుంది. మిగతా వాళ్లంతా కాఫీకీ రాజ్మాకీ మళ్లాక ఆ విత్తనం మా ఊళ్లో అమ్మ దగ్గరే మిగిలింది.

"ఎలక పళ్లకి లొంగనిది నాను సేసిత్తాను అప్పా," అన్నాడు బాబాయి.

"పెట్టిలోనా? ఒద్దు సావుకారూ. ఇత్తనం బతికున్నాది. బతికున్నదాన్ని పెట్టిలో ఎలాగ పెడతాను?"

బాబాయి కాసేపు ఉలి అంచుని గోటితో గీరుతూ ఆలోచించాడు. "అయితే పెట్టనొద్దు. బుర్రందాం. సొరకాయతో కాదు, కర్రతో సేసిన బుర్ర. కర్రబుర్ర."

తక్కెడ దగ్గర్నించి రమణమ్మ గారు అందుకున్నారు. "కర్రబుర్రా? దానికి మళ్లీ కొత్తగా సెయ్యాలేటి? మా ఇంట్లో ఒకటి ఉందిగదా, ఆయన బుజాల మీద!"

మా అమ్మ నవ్వడం మొదలుపెడితే ఆపడం కష్టం. గంప దించి, పాక గుంజకి ఆనుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వు ఆగాక, "సరే, సెయ్యి" అంది.

ఆ పెట్టె చేసినంతకాలం బాబాయిని చూడటం ఒక వేడుక. పని మొదలుపెట్టే ముందు అమ్మని మూడు ప్రశ్నలు అడిగాడు. ఏం పెడతావు? ఎంత పెడతావు? ఎవరి చేతులు తెరుస్తాయి? అమ్మ అరచేతిని పలక మీద ఆనించి బొగ్గుతో గీత గీసుకున్నాడు, మూత ఆ చేతికి అందేలా ఉండాలని. భాద్రపదంలో వాన రేకుల మీద మోగుతుంటే పని పూర్తయింది. అడుగు పలకని చుట్టూ మేకులతో బిగించాడు, చీమ కూడా దూరకుండా. మూత వదిలితే ఆ వానలో కూడా నిట్టూర్చి దిగింది. ఆ రోజు బాబాయి రెండుపూటలా అన్నం తిన్నట్టు నా డైరీలో ఉంది.

కోతలయ్యాక అమ్మ కాకిసామ మొత్తం అందులో పోసింది.

మాఘం చివర్లో ఒక ఆదివారం నేను ఇంట్లో ఉన్నాను. పొద్దున్నే అమ్మ పొయ్యి మీద చోడి అంబలి, మైదానంలో రాగి జావ అంటారే అది, కాస్తోంది. నేను గుమ్మంలో కూర్చుని తల దువ్వుకుంటున్నాను. చిటపటమని చప్పుడు మొదలైంది, ఎండుటాకుల మీద తొలి చినుకులు పడ్డట్టు. అమ్మ తల తిప్పి నావైపు చూసింది. "వానా?" ఆకాశం తెల్లగా, ఖాళీగా ఉంది. అప్పుడు వాసన వచ్చింది, పేలాలు వేయిస్తున్న కమ్మటి వాసన. అమ్మ పైకి చూసింది. పొయ్యికి పైన వేలాడే వెదురు తడక మీద, కర్రబుర్ర అడుగు నుంచి, నల్లటి దారంలాగా, సన్నగా, ఆగకుండా సామలు నిప్పులోకి జారుతున్నాయి.

అమ్మ అరచేయి ఆ ధార కింద పెట్టింది. మంట మీద. "బేగి దించే, బేగి!" అని అరిచింది. నేను పీట ఎక్కి పెట్టె అంచు పట్టుకుని లాగాను. అడుగు పలక నిలువునా చీలి ఉంది. కదిలించగానే ఇంకా ఎక్కువ కారింది. నీళ్లు పోస్తే నిప్పు ఆరుతుంది, కాని పక్కన పడ్డ విత్తనం తడుస్తుంది. అందుకని అమ్మ మండుతున్న కట్టెల్ని చేతులతోనే పొయ్యిలోంచి బయటికి లాగి పారేసింది. అంబలి కుండ బోర్లా పడింది. అంతా అయ్యాక పెట్టె మూలల్లో దోసెడు సామలు మిగిలాయి. అమ్మ వాటిని ఒళ్లో పోసుకుని కూర్చుంది. చేతులకి బొబ్బలు. ఏడవలేదు. వేడి తగిలిన గింజ మొలుస్తుందో లేదో మా ఇద్దరికీ తెలియదు. మొలవకపోతే అమ్మమ్మ కొంగున వచ్చిన విత్తనం ఆ పొద్దుతో అయిపోయినట్టే.

మర్నాడు బాబాయికి చెప్పాను. చిత్రిక పడుతున్న పలకని అలాగే వదిలేసి చొక్కా వేసుకున్నాడు. రమణమ్మ గారు ఆ ఒక్కరోజు వేళాకోళం చెయ్యలేదు. బెల్లం అచ్చు ఒకటి ఆకులో చుట్టి చేతిలో పెట్టారు. "ఒట్టి సేతుల్తో ఎల్లకు. తిట్టినా నోరెత్తకు" అన్నారు.

నేనూ వెంట వెళ్లాను. అమ్మ గుమ్మంలోనే నిలబెట్టేసింది.

"బుర్రన్నావు సావుకారూ. బుర్రెక్కడుంటాదో అక్కడ పెట్టినాను."

మా ఇళ్లల్లో విత్తనాల బుర్ర పొయ్యి మీది తడక మీదే ఉంటుంది. పొగ తగిలితే పురుగు పట్టదు. సొరకాయ బుర్ర ఆ వేడికి మరింత గట్టిపడుతుంది. పెట్టె అని ఇచ్చి ఉంటే అమ్మ దాన్ని ఏ మూలో గోడ వార పెట్టేది. బుర్ర అన్నాడు కాబట్టి బుర్రకిచ్చే మర్యాద ఇచ్చింది. వానల్లో తడి తాగి ఉబ్బిన చెక్క, చుట్టూ మేకులు, కింద పొద్దునా సాయంత్రం నిప్పు. ముడుచుకోవడానికి చోటులేక మధ్యకి చీలిపోయింది.

బాబాయి పెట్టె చేతిలోకి తీసుకుని తిరగేసి చీలిక వెంట గోరు పోనిచ్చాడు. ఆయన కళ్లలో బాధ ఉంది. దాని పక్కనే ఇంకోటి కూడా ఉంది, ఆపుకోలేనిది.

"అప్పా... ఏ పక్క ముందు పగిలింది? సప్పుడొచ్చిందా?"

"నా ఇత్తనం పోయింది. నీకు సప్పుడు కావాలా!"

ఆయన తల దించుకుని లోపలికి వెళ్లి, పొయ్యి పక్కన కూర్చుని, బూడిదని చేటలోకి ఎత్తి, అందులో కాలని సామలు ఏరడం మొదలుపెట్టాడు. ఆవగింజంత గింజ, బొగ్గుపొడి కలిసిన బూడిదలో నల్లగింజ. ఆయన లావు వేళ్లకి ఒక్కటీ చిక్కడం లేదు. చెరగబోయాడు. బూడిదంతా ఆయన మీసాల మీదికే లేచింది. అమ్మ కాసేపు గుమ్మంలోంచి చూసింది. తర్వాత వచ్చి బొబ్బల చేతులతోనే చేట లాక్కుంది.

"లే. తూకవెయ్యడవే వచ్చు నీకు, సెరగడం ఎక్కడొచ్చు?"

నాలుగు చెరుగులు చెరిగింది. చేట అంచుకి కొద్దిగా గింజ చేరింది. చేట మీంచి కళ్లు ఎత్తకుండానే అంది, "మొన్న సంజికాడ టిక్కుమంది. యేళ్లిరుసుకున్నట్టు. ఎలకనుకున్నాను."

బాబాయి మోకాళ్ల మీద లేచి, పొయ్యికి పైన, తడక కింద అరచేయి పెట్టి ఆ వేడిని చాలాసేపు చూశాడు. "మూడూ అడిగినాను," అన్నాడు. "ఎక్కడుంటాదో అడగనేదు."

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. ప్రతి ఇంటివాళ్లూ తమ విత్తనాలు తెచ్చి దేవత ముందు పెట్టి, పూజ అయ్యాక తీసుకెళ్లి విత్తుకునే పండగ. అమ్మ ఆకుదొన్నెలో చిటికెడు కాకిసామ పెట్టింది. తక్కినవాళ్ల దొన్నెల పక్కన అది ఖాళీదానిలాగే కనిపించింది. వానలు పడ్డాక ఇంటి వెనక చాప పరిచినంత జాగాలో విత్తింది. అప్పట్నించి సంతకి దిగిన మా ఊరివాళ్లలో ఎవరు కొట్టుకి వచ్చినా బాబాయి ఒకటే అడిగేవాడు.

"అప్ప సేనులో మొలక లేచిందా?"

"లేదు సావుకారూ, ఉప్పియ్యి."

"మట్టి కింద ఏమైనా పగుల్తోందా, సూసినారా?"

"మావు ఉప్పుకొచ్చినాం, సావుకారూ, భూమి కింద సూడ్డానికి కాదు!"

చివరికి ఒక ముసలాయన కొట్టు ముందు గొడుగు మడుస్తూ, "లేచింది" అన్నాడు. "పలసగా. దువ్వెన పళ్లూడినట్టు. గాని లేచింది." ఆయన కొన్నది ఏమిటో నాకు గుర్తులేదు గాని, ఆ రోజు ఆయనకి తూకం మొగ్గిందని రమణమ్మ గారు చాలాకాలం చెప్పుకున్నారు.

ఆ ఏడంతా బాబాయి తమ వంటింటి పొయ్యి మీద పలకలు వేలాడదీశాడు. పులుసులో పొట్టు పడుతోందని రమణమ్మ గారు గోలపెట్టారు. ఏ పలక ఎంత ముడుచుకుందో ఆయన కొలిచేవాడు, నేను డైరీలో ఎక్కించేదాన్ని. బాగా ఆరిన చెక్కతో మళ్లీ పని మొదలుపెట్టాడు. ఈసారి అడుగు పలకకి మేకు కొట్టలేదు, బంక పెట్టలేదు. చుట్టూ గాడి తీసి అందులో కూర్చోబెట్టాడు. తడికి ఉబ్బితే గాడిలోకి జరుగుతుంది, వేడికి ముడుచుకుంటే వెనక్కి వస్తుంది, కాని బయటపడదు. "బిగించీడం తేలికే పంతులమ్మా. కదలనిత్తూ పట్టుకోడవే కష్టం" అన్నాడు, గాడిలో పలకని వేలితో అటూ ఇటూ జరుపుతూ. చెక్క గురించే అన్నాడు. నేను కూడా చెక్క గురించే విన్నాను, అప్పటికి.

అమ్మ కొత్తదాన్ని తీసుకుంది గాని విత్తనం పోయలేదు. "ఒక ఏడు ఖాళీగా ఉండనీ పొయ్యి మీద. నా ఇత్తనం మీద నేర్సుకోకు. ఖాళీది పగిల్తే ఎవులికీ నట్టం లేదు." ఆయనకి ఆ షరతు ఎంతో నచ్చింది. ప్రతి రుతువులోనూ ఒకసారి కొండెక్కి వచ్చి, పీట ఎక్కి, మూత వదిలి, చెవి పెట్టి వినేవాడు. వానల్లో కొంచెం బిగువు, చలికాలంలో కొంచెం వదులు. కాని ఎప్పుడూ దిగేది. చీలిక రాలేదు. ఆ ఏడు కాకిసామ చాపంత మడి నుంచి చిన్న పొలం ముక్కంత అయింది. తర్వాతి కోతకి అమ్మ కబురు పంపింది. ఆయన్నీ రమణమ్మ గారినీ ఇద్దర్నీ రమ్మంది.

పెట్టె దింపింది. సామలు పోసింది. మూత ఆనించి చేయి తీసేసింది. మూత ఆగి, కదిలి, నల్లటి గింజల మీంచి గాలిని తోసుకుంటూ దిగి కూర్చుంది.

"ఊపిరి తీసుకున్నాది," అంది అమ్మ.

బాబాయి మొహం చూడాలి. "ఇప్పుడు దీన్నేటంటావు అప్పా? పెట్టా, బుర్రా?"

"బుర్రే. సావుకారి బుర్ర. ఒకపాలి పగిలి, తరవాత బాగుపడింది."

రమణమ్మ గారు, "పదిమందికీ సెప్పు అప్పా, బాగుపడిందని. నానొక్కదాన్నీ సెప్తే ఎవులూ నమ్మరు" అన్నారు.

ఆ నాలుగో ప్రశ్న బాబాయి నోటికి శాశ్వతంగా అంటుకుపోయింది. ఎవరు పెట్టె అడిగినా, "ఎక్కడుంటాది?" అనేవాడు. జవాబు చెప్పలేనివాళ్లకి ఇచ్చేవాడు కాదు. అది నాకూ అంటుకుంది. ఏడో తరగతిలో ఒక పిల్ల ఉండేది. హోంవర్కు పుస్తకం ఎప్పుడు చూసినా అక్షరాలు అలుక్కుపోయి ఉండేవి. నీళ్లు ఒంపుకుంటోందని తోటి టీచర్లు తిట్టేవారు. ఒక రోజు ఆ పిల్లని, "నీ పుస్తకాలు ఎక్కడుంటాయి?" అని అడిగాను. హాస్టలు గదిలో ఆమె ట్రంకు ఉండే చోటు చూపించింది. సరిగ్గా దాని పైన రేకుకి చిల్లు ఉంది. ట్రంకుని జరిపించాను, అంతే. ఆ తర్వాత ఉద్యోగం చేసినన్నాళ్లూ, ఏ పిల్ల అయినా వెనకబడిందంటే ముందు ఆ ప్రశ్నే అడిగాను. ప్రతిసారీ చిల్లు దొరకలేదు. అయినా అడగడం మానలేదు.

బాబాయికి ఆయాసం ఎక్కువై, కొండ చలి పడదని డాక్టర్లు చెప్పాక, కొట్టు ఎత్తేసి కిందికి వెళ్లిపోయారు. వెళ్లేముందు పెట్టెలన్నీ పంచేశాడు. నాకొకటి ఇస్తూ డైరీలు ఎక్కడ దాస్తావని అడిగాడు. మంచం కింద అన్నాను. "నేల తడి" అని పెట్టె వెనక్కి లాక్కున్నాడు. గోడకి పలక కొట్టించి చూపించాకే ఇచ్చాడు. బస్సు ఎక్కుతూ రొప్పుతున్నాడు. నేను బెంగగా చూస్తుంటే, "ఏటా సూపు? ఈ మంచుకి ఉబ్బీసి బిగుసుకుపోనాను గుంటా. కింద ఎండకెల్తే ఒదులవుతాను" అన్నాడు.

తర్వాతి వానాకాలంలోనే కబురు వచ్చింది. కొండెక్కి అమ్మకి చెప్పాను. అమ్మ ముందు అడిగింది, "పెట్టిలో పెట్టినారా?"

"లేదమ్మా. వాళ్లు కాలుస్తారు."

"మంచిదే." చాలాసేపు పొయ్యి మీది తడకకేసి చూసింది. "ఆ మనిసి పెట్టిలో ఉండనేడు. ఎవులు మూత పెట్టినా, ఎలా దిగిందో సూడ్డానికి లెగిసి కూసుంటాడు."

ఇప్పుడు అమ్మా లేదు. పెట్టె నా బల్ల మీద ఉంది, లోపల కాకిసామ ఉంది, మా ఇంట్లోనూ గ్యాసే. తమ్ముడి కోడలు వెళ్లాక ఇల్లంతా తిరిగాను. వంటింటి అలమర చూశాను, పడకగది అటక చూశాను. ఎక్కడ నిలబడినా ఆయన నా వెనకే నిలబడి, "ఇక్కడేనా? ఇక్కడ ఏటుంటాది, సలా, ఏడా?" అని అడుగుతున్నట్టే ఉంది. చివరికి పెరటి తలుపు తీశాను. ఈ చలిలో స్నానానికి నీళ్లు కాచుకోవడానికి రేకు పంచ కింద కట్టెల పొయ్యి ఒకటి ఉంచుకున్నాను. రోజూ పొద్దున్నే వెలిగిస్తాను. పని కుర్రాడి చేత దాని మీద వెదురు తడక కట్టించాను.

కాని మా అమ్మ వంటింటి తడక వేరు, ఇది వేరు. ఇక్కడ ఒక పక్క నుంచి పొగ, ఇంకో పక్క నుంచి నేరుగా మంచు. అందుకని సామల్ని సంతలో కొన్న సొరకాయ బుర్రలోకి మార్చాను. బుర్రని పొయ్యి మీద, పొగ తగిలే పక్కన కట్టాను. పెట్టెని ఖాళీగా, మూత వేసి, అదే తడక మీద మంచు పక్కన పెట్టాను. ఒక ఏడు ఉండనీ. తమ్ముడి కోడలు పండక్కి వచ్చినప్పుడు విత్తనం బుర్రలో ఇచ్చి పంపిస్తాను, పెట్టె ఎందుకు ఖాళీగా ఉందో కూర్చోబెట్టి చెబుతాను.

ఈ పొద్దున నీళ్లు కాగేలోపు పీట వేసుకుని కూర్చున్నాను. మంట చిటపటమంటోంది. ప్రతి చిటపటకీ తలెత్తి చూస్తున్నాను, కట్టెదా, చెక్కదా అని. పీట ఎక్కి మూత తీసి వదిలాను. మంచుకి కొంచెం బిగువుగా ఉంది. సగంలో ఆగింది. నేను చేయి వెయ్యలేదు. చెవి వంచుకుని నిలబడ్డాను. నీళ్లు మరిగి పొంగుతున్నాయి. పోనీ, పొంగనీ.

దిగింది.